సూరత్‌లో ముప్పై ఆరు డిగ్రీలు

పోయిన మే నెలలో మా తమ్ముడు తిరుపతిని ఇంటికి తీసుకురావడానికి నేనొక్కదాన్నే సూరత్ బయలుదేరాను. వాడక్కడ మరమగ్గాల మీద పని చేస్తాడు. వాడితో ఒకే గదిలో ఉండే మల్లేశం ఫోన్ చేసి, "అక్కా, గీయన మగ్గం కాడ రెండుసార్లు కండ్లు తిరిగి కూలవడ్డడు. వానలు పడేదాక ఇంటికి తోల్కపో. నేను చెప్తే ఇంటలేడు" అన్నాడు. ముందు నాకు నవ్వొచ్చింది. ఫోన్లో చూస్తే మా జగిత్యాలలో నలభై నాలుగు డిగ్రీలు, సూరత్‌లో ముప్పై ఆరు. ముప్పై ఆరుకే కళ్లు తిరుగుతాయా, వీడి సోకు మండ! అయినా మనసు ఊరుకోదు కదా. కుట్టాల్సిన జాకెట్లు పక్కింటామెకు అప్పగించి బస్సెక్కాను.

రామగుండంలో రైలు రాత్రి తొమ్మిది దాటాక వచ్చింది. స్లీపర్ బోగీ. కిటికీలోంచి పొయ్యి ముందు కూర్చున్నట్టు సెగ. ఎదుటి బెర్తులో సూరత్ రైల్వే క్వార్టర్లలో ఉండే ఒకావిడ ఫోన్లో వాతావరణం చదివి వినిపించింది. ఈ వారమంతా తెలంగాణలో వడగాలులట. సముద్రం వైపు ఉక్కపోతట, సాయంత్రాలు ఉరుములతో జల్లులట.

"అక్కడ డిగ్రీలు చూసి మోసపోకండి. ఒంటి మీద చెమట ఆరదు" అంది.

"చెమట పోస్తే మంచిదే కదమ్మా, వడదెబ్బ తగలదు" అన్నాను. మా వైపు అందరూ అనే మాటే. ఆవిడ తల అడ్డంగా ఊపి దుప్పటి పరుచుకుంది.

నేను కట్టుకొచ్చిన సర్వపిండి రాత్రికి సరిపోయింది. పొద్దున భుసావల్‌లో అరటిపండ్లు కొనుక్కున్నాను. మీరెప్పుడైనా అటు వెళ్తే కొనుక్కోండి, తియ్యగా ఉంటాయి. సూరత్‌లో దిగేసరికి మధ్యాహ్నం రెండు. ఎండ చురుక్కుమనలేదు. ఆకాశం తెల్లగా, ఎత్తు తక్కువగా ఉంది. పది అడుగులు వేశానో లేదో జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. తాపీ నది వంతెన మీద కూడా గాలి లేదు.

వాళ్ల గది కోసాడ్ అనే పేటలో, నాలుగో అంతస్తు, పైన స్లాబు తప్ప ఇంకేమీ లేదు. తిరుపతి చిక్కి సగమయ్యాడు.

"ఎల్లుండికి ఇద్దరికీ టికెట్ తీసిన, బట్టలు సర్దుకో" అన్నాను.

"పది దినాలాగక్కా. గిప్పుడు పోతే నా మగ్గాలు వేరేటోనికి ఇస్తడు శేఠు."

"మగ్గాలుంటయ్, నువ్వుండాలె కదరా!"

నవ్వేసి రాత్రి పాళీకి వెళ్లిపోయాడు. మగ్గాల షెడ్డును అక్కడ ఖాతా అంటారు. దారం తెగుతుందని ఖాతాలో ఫ్యాన్లు వేయరు, కిటికీలు తెరవరు. ఆ ఆవిరిలో పన్నెండు గంటలు నిలబడి, పొద్దున్నే వచ్చి పడుకుంటాడు. ఆ వేళకు మల్లేశం పగటి పాళీకి పోతాడు.

మర్నాడు పొద్దున వచ్చాక వాడు మనింటి పద్ధతి ప్రకారమే కిటికీ బిగించాడు, తలుపు వేశాడు, చెవులకు తువ్వాలు కట్టుకున్నాడు, కూలర్ పెట్టుకుని పడుకున్నాడు. ఊరి అలవాటు మరవలేదని నాకు ముచ్చటేసింది. కూలర్‌లో ఇంకో రెండు బకెట్ల నీళ్లు నేనే పోశాను. మధ్యాహ్నానికి గోడలు కూడా చెమ్మగిల్లాయి. నేను వండుకుంటూ కొంగుతో మెడ తుడుచుకుంటున్నాను, ఎంత తుడిచినా తడే. బయట పడమర నల్లగా మబ్బు కడుతోంది, ఆకు కదలడం లేదు.

మూడింటికి వాడు కళ్లు తెరిచి నన్ను చూసి, "బెన్, పానీ" అన్నాడు.

బెన్ అంటే గుజరాతీలో అక్కే. అక్కడ ఆడవాళ్లందరినీ అలాగే పిలుస్తారు. "అబ్బో, నా దగ్గర్నా నీ గుజరాతీ!" అని నవ్వుతూ నీళ్లిచ్చాను. సగం ఒలకబోసుకున్నాడు. నా నవ్వు విని పక్కింటి హంసాబెన్ చెంబుడు మజ్జిగ పట్టుకుని వచ్చింది. తిరుపతి ఆమె వైపు తిరిగి అచ్చ తెలుగులో, "అక్కా, జగిత్యాల బస్సు పోయిందా?" అన్నాడు.

వాడికి నేనెవరో తెలియడం లేదు.

నుదుటి మీద చెయ్యి పెడితే కాలిపోతోంది. ఒళ్లంతా చెమట కారుతూనే ఉంది! చెమట పోస్తుంటే వడదెబ్బెలా అవుతుందని నా బుద్ధి ఇంకా వాదిస్తూనే ఉంది. హంసాబెన్ మాత్రం గదిలో అడుగు పెట్టగానే ముక్కు మూసుకున్నంత పని చేసింది. "బహు బఫారో! ఖిడ్కీ ఖోలో, ఖోలో!" అంటూ తానే కూలర్ ఆపి, కిటికీ బార్లా తీసింది. బఫారో అంటే మన ఉక్కపోత. ఎండిన గాలిని చల్లబరిచే కూలర్, మూసిన గదిలో ఆ తడిగాలిని ఇంకా తడిపి వాడి మీదే పోసింది. ఈ సంగతి నాకు తర్వాత ఆస్పత్రిలో చెప్పారు.

ఇద్దరం చంకల కింద చేతులేసి బయటి వసారాలోకి లాగాం. ఆమె 108కి ఫోన్ చేసింది. నేను వాడి చొక్కా విప్పి బకెట్లతో నీళ్లు పోశాను. ఆమె ఫ్రిజ్‌లోంచి ఐసు తెచ్చి చంకల్లో పెట్టింది. మజ్జిగ తాగించబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది, తెలివిలో లేనివాడి నోట్లో పోయకూడదట. కరెంటు పోయింది. అట్టముక్కతో విసురుతున్నాను, చేతులు పడిపోతున్నాయి. "తిరుపతీ, అక్కనురా, నన్ను చూడు" అని అరుస్తుంటే వాడు గోడతో మాట్లాడుతున్నాడు. అంత భయం నేను జన్మలో ఎరగను.

అప్పుడు వచ్చింది గాలి. దుమ్ము, చెత్త, ఆరేసిన బట్టలు అన్నీ కలిపి లేపుకొచ్చింది. ఉరుము మీద ఉరుము. తడి ఒంటికి ఆ గాలి తగిలి వాడు గజగజ వణికాడు. కాసేపటికి నా వైపు చూసి, "అక్కా, ఏందే గిట్ల తడిసినం?" అన్నాడు. వాణ్ణి పట్టుకుని భోరున ఏడ్చేశాను. 108 వాళ్లు జోరువానలో వచ్చి కిందికి మోసుకుపోయారు. ఇంకాసేపు ఆ గదిలోనే ఉండుంటే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరు హిందీలో అన్నాడు.

ఆస్పత్రిలో ఉండగానే మా టికెట్ల తేదీ దాటిపోయింది. డాక్టరు పంపించాక మళ్లీ టికెట్లు తీసి పొద్దున బండెక్కాం. తిరుపతి కింది బెర్తులో పడుకున్నాడు. నందుర్బార్ దాటాక గాలి పొడిగా, వేడిగా మారింది. వాడి మెడ మీద చెమట ఆరిపోతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. వేసవిలో అటు వెళ్లేవాళ్లకు నేను చెప్పేదొక్కటే. ఫోన్లో డిగ్రీల కింద తేమ ఎంతో కూడా చూడండి. మన ఇంటి పద్ధతులు మన ఎండకే పనికొస్తాయి.

మల్లేశం ఫోన్ చేశాడు. "అక్కా, తిరుపతి మగ్గాలు నాకిచ్చిండ్రు. రాత్రి పాళీకి మారిన."

"ఇప్పుడేడున్నవ్?"

"రూంలనే. పండుకుంటున్న."

వాడి మాట వెనకాల కూలర్ మోత వినిపిస్తోంది.

"మల్లేశం, కిటికీ తెరిచున్నదా?"

"లేదక్కా. వాన పడ్డది గదా, సల్లవడ్డదని మూసిన."

"లే! ముందు లేచి తెరువు!" నా అరుపుకు బోగీ అంతా తిరిగి చూసింది, తిరుపతి లేచి కూర్చున్నాడు. ఫోన్లో మంచం కిర్రుమంది. గడియ లాగిన చప్పుడు, వెంటనే ఆటోల హారన్లు, పిల్లల కేకలు నా చెవిలోకి వచ్చిపడ్డాయి.

"తెరిచినక్కా."

"తలుపు గూడ తియ్యి. ఫోన్ పెట్టకు, మాట్లాడుతనే ఉండు."

సిగ్నల్ పోయేదాకా ఆ ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయలేదు.