నవాసారం వాసన

మా నాయన ఇత్తడి, రాగి గిన్నెలకు కళాయి పూసేవాడు. కాగిన గిన్నెలో చిటికెడు నవాసారం చల్లి, తగరం అద్ది, పాతగుడ్డతో రుద్దితే తెల్లటి పొగ లేచేది. ఆ పొగ ఘాటు ఆయన చొక్కాలో, తలగుడ్డలో, చివరికి మా కూట్లో కూడా ఉండేది. తిరుచానూరు సత్రాల గుండిగలన్నీ ఆయన చేతిమీదుగా పోయినవే. ఆ పొగ మింగుతూనే ఆయన నన్ను తిరుపతిలో ఇంటరు చదివించాడు. రసాయనశాస్త్రం ప్రాక్టికల్ పరీక్ష ఇంకో వారంలో ఉందనగా పోయాడు.

జ్వరం అన్నారు, పోయాడన్నారు. తలకొరివి పెట్టి వచ్చాను. అందరూ ఏడ్చారు, నాకు రాలేదు. బండరాయిలా కూర్చున్నాడని మేనత్త నా ముందే అంది. ఏడుపే కాదు, ముక్కుకు వాసన తెలియడం కూడా ఆగిపోయింది. సాంబ్రాణి వేసినా, తిరగమోత పెట్టినా నాకు తేడా లేదు. ఎవరికీ చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని తోచలేదు.

పరీక్ష రోజుకు మైల తీరే పెద్దదినం ఇంకా కాలేదు. కొరివి పెట్టినవాడు గడప దాటకూడదని చిన్నాయన అడ్డుపడ్డాడు. పరీక్ష తప్పితే ఏడాది పోతుంది. మళ్ళీ ఫీజు కట్టే మనిషి లేడు. చదువు కట్టిపెట్టి కొలిమి ముందు కూర్చోవాల్సిందే. అది అందరికీ తెలుసు, చిన్నాయనకు మరీ బాగా తెలుసు.

మా అమ్మ మూల నుంచి లేవకుండానే అంది: "వాళ్ళ నాయన ఉండింటే మెడబట్టి తోసైనా పంపిచ్చుండేవాడు. మైల సంగతి నేను జూసుకుంటా. నువ్వు పొయ్యిరాపో."

తిరుపతిలో బోడిగుండు ఎందుకని అడిగే నాథుడుండడు. మద్రాసు నుంచి వచ్చిన ఎగ్జామినరు నన్ను చూసి, "కొండకు వెళ్ళొచ్చావా? మంచిది, పాసవుతావు" అన్నాడు. అవును సార్ అన్నాను.

పొట్లంలో తెల్లటి పొడి ఇచ్చారు. అదేమిటో మనమే కనిపెట్టాలి. కరిగించి, ఒక్కో మందూ కలిపి, రంగు మారిందా, అడుగున మడ్డి దిగిందా, వాసన వచ్చిందా అని చూసుకుంటూ పోవాలి. ఒకచోట దారి తప్పితే ఇక అంతా తప్పే. ముందు కొంచెం పొడిని గాజుగొట్టంలో వేసి స్పిరిటు దీపం మీద వేడి చేశాను. తెల్లటి పొగ లేచి గొట్టం పైభాగాన పిండిలా అంటుకుంది. ఆ పొగలో పుట్టి పెరిగినవాణ్ణి, గుర్తు పట్టలేదు. తెల్లని పొగ అని రాసుకున్నాను, అంతే.

తరువాత పొడి కరిగించిన నీళ్ళలో కాస్టిక్ సోడా పోసి కాచాను. ఇక్కడ వాసన చూడాలి, ఘాటు కొడితే అమ్మోనియా. మూతి దగ్గర చేత్తో ముక్కువైపు విసురుకున్నాను. ఏమీ లేదు. వాసన లేదని రాయడానికి కలం కూడా ముంచాను.

యుద్ధం వల్ల లిట్మస్ కాగితం దొరక్క, ఇంటి నుంచి పసుపు కాగితం చేసుకు రమ్మని మా మాస్టారు అంతకుముందే చెప్పి ఉన్నారు. సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుందని పారాణి కలిపే ఇళ్ళలో ఎవరికీ నేర్పనక్కరలేదు, అమ్మోనియా తగిలినా అంతే. నాయన బాగున్న రోజుల్లోనే అమ్మ అద్దుడు కాగితాన్ని పసుపు నీళ్ళలో ముంచి, దండెం మీద ఆరేసి, ముక్కలుగా కత్తిరించి అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చింది. ఆ పెట్టె జేబులో ఉంది. ఒక ముక్క తడిపి గొట్టం మూతి దగ్గర పట్టుకున్నాను. చూస్తుండగానే ఎర్రబడింది. పొడి కరిగించిన నీళ్ళు ఇంకొంచెం వేరే తీసి సిల్వర్ నైట్రేటు చుక్క వేస్తే పాలు విరిగినట్టు తెల్లగా విరిగింది, అది క్లోరైడు గుర్తు. అమ్మోనియం క్లోరైడు అని రాసిచ్చాను.

ఎగ్జామినరు కాగితం చూసి, "జవాబు సరే, వాసన సంగతి రాయలేదేం?" అంటూ గొట్టం మళ్ళీ వేడిచేసి తనే వాసన చూశాడు. చటుక్కున తల వెనక్కి తీసుకున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారాయి. "ఇంత ఘాటు తెలియలేదా?"

"జలుబు సార్."

ఆయన రుమాలుతో కళ్ళు ఒత్తుకుంటుంటే చూస్తూ నిలబడ్డాను. నాకు రాని నీళ్ళు ఈయనకు ఊరికే వస్తున్నాయే అని కోపం వచ్చింది. ఆ రోజుల్లో నాకు వచ్చిందల్లా ఆ కోపమే.

ఇంటికి వచ్చి బావి దగ్గర నీళ్ళు పోసుకున్నాక అమ్మ అడిగింది. "ఏమిచ్చిరి?"

"నవాసారం." నోటితో అన్నాక గాని అమ్మోనియం క్లోరైడంటే నాయన చల్లే పొడేనని నాకు తెలిసి రాలేదు.

"అయితే పొగ లేస్తానే జెప్పేసింటావు. మీ నాయన వాసనే గదా."

"వాసన తెలీలేదుమా. నువ్వు జేసిచ్చిన పసుపు కాయితం ఎర్రబడితే తెలిసింది."

"ఇంకా ఉండాయా అవి?"

"రెండో మూడో ఉండాయి."

"బద్రంగా పెట్టుకో. పెద్దదినం అయినాంక ఇంగ నేను పసుపు ముట్టేది లేదు గదా."

కూరలో ఉప్పు చాలలేదని చెప్పినట్టు చెప్పి, లేచి విస్తరి వేసింది. చప్పిడి కూడు తిన్నాను. అప్పుడూ ఏడుపు రాలేదు. ఆమె లోపలికి పోయాక అగ్గిపెట్టె తీసి ముక్కుకు ఆనించుకున్నాను. పసుపు వాసన కూడా తెలియలేదు.