మేకపిల్ల పెరిగి బర్రె కాదు

చిన్న పుట్టకొక్కులే నాలుగొద్దులకు పెరిగి పెద్ద పుట్టకొక్కులైతయని పుట్టగొడుగుల పుస్తకంల అచ్చేసిన్రు. తప్పు. అవి రెండూ అక్కచెల్లెండ్లు, తల్లీబిడ్డలు కావు.

నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకనే, మిగిలిన చదువంతా పత్తర్‌గట్టి దిక్కు పాత పుస్తకాలు కొనుక్కొని చదివిందే. అయినా మొన్న ఎండకాలంల ఆ రంగుల పుస్తకంల ఆ పేజీ చూడంగనే తడి ఆకుల వాసన ముక్కుకు తగిలి, కోపం నసాళానికెక్కింది.

లాల్‌దర్వాజాల మాకు బర్రెలుండేవి. ఆషాఢంల ఉరుములు ఉరిమి, గల్లీల బోనాల డప్పులు కాగబెట్టే రోజుల్ల, మా అవ్వ నన్ను తీసుకొని గడ్డికి బహదూర్‌పురా దాటి చెట్లతోపుకు పోయేది. అక్కడ ఎండుటాకుల నడుమ చిన్న కొక్కులు, ఎవరో పేలాలు పారబోసినట్టు వందలు వందలు. పది అడుగులవతల పెద్దవి, ఒకటొకటిగా, దొరసానుల లెక్క. అదే తెలుపు, నెత్తి మీద అదే మొన, అదే కమ్మటి వాసన. చిన్నవాటిని నీళ్లల్ల ఏడుసార్లు కడిగి ఉల్లిగడ్డతోని వేయించేది. పెద్దవాటిని వేళ్లతోని చీరి పులుసు పెట్టేది. జొన్నరొట్టెకు రెండూ రెండే.

పెరిగితే ఎక్కువ కూరైతదని ఒకసారి నేను చిన్నవాటిని కోయనియ్యలేదు, చుట్టూ పుల్లలు గుచ్చి ఎర్రదారం కట్టిన. మూడోనాడు పోతే దారమున్నది, కొక్కులు నల్లగై కరిగిపోయినయి. నాకు ఏడుపొచ్చింది.

"ఏందిరా, మేకపిల్ల ఎంత మేస్తె బర్రెయితది?" అని అవ్వ ఒకటే నవ్వు. కొడవలి మొనతోని పెద్దదాని పక్కన తవ్వింది. తెల్లటి వేరు మూరెడు లోతుకు, చెదలపుట్టలకు దిగింది. కొత్తగ మొలిచిన చిన్నదాన్ని చిటికెతోని లేపింది. దానికి వేరన్నదే లేదు, ఇంత మట్టి రాలింది.

"పెద్దదాని కాపురం చెదల ఇంట్ల, చిన్నదానిది వాకిట్ల," అన్నది. అక్షరం రాని మనిషి! ఏ పెద్ద చదువు గింత సాఫ్‌గ చెప్పింది?

ఆ మాటే బొమ్మలేసి, తోపు జాడ చెప్పి, పుస్తకం రాసినాయనకు మూడు ఉత్తరాలు రాసిన. ఉత్తరాలకు నకలు తీసిన జిరాక్సు దుకాణం పిల్లగాడు, "కొక్కుల కోసం గింత లొల్లా, బాపూ? వండుకోని తినక!" అని నవ్విండు. ఆ తోపుల ఇప్పుడు సగం ఇండ్ల గోడలే. జవాబు నిన్న వచ్చింది:

"అయ్యా, తొలివానకు మీరు చెప్పిన మూలకు పోయి చూశాను. చిన్నవి ఉన్నాయి, తవ్వితే వేరు లేదు. తప్పు నాదే, దిద్దుతాను. పెద్దవాటి కోసం రెండు రోజులు వెతికాను, ఒక్కటీ కనిపించలేదు. ఆ పేజీలో మీ అవ్వ మాట వేస్తాను. ఆమె పేరు రాసి పంపండి."