బండ్రి నౌకాదళంలో నా పాళి

ఉదయం తొమ్మిదిన్నరకి బస్సు నన్ను బండ్రిలో దించింది. గాలి లేదు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. రోడ్డు పక్క చెట్లన్నీ ఎర్రగా ఉన్నాయి. పూత కాదు, ఖనిజం దుమ్ము. నా సామాను: ట్రంకు పెట్టె, ఈల, ఇస్త్రీ చేసిన యూనిఫారం, మా ఆవిడ కట్టిచ్చిన చిత్రాన్నం. ఆర్డరు ముందురోజే ఫోన్లో వచ్చింది. ఇచ్చినవాడు మా బావమరిది.

"బావా, ఆకాశంలో నౌకాదళం పెట్టాల. నువ్వు మిలిట్రీ గదా. పది దినాలు రా."

"నేను పని జేసింది నేల మీదరా."

"యాడైనా ఒకటే బావా. మనుషుల్ని లైన్లో నిలబెట్టేదే గదా."

బళ్లారి సత్యనారాయణపేట టీ కొట్టు దగ్గర మీరంతా నన్ను మిలిట్రీ అంటారు. మంచులో ఏం చేశావని అడుగుతారు. ఇప్పుడు చెబుతున్నాను, వినండి. పూరీలు చేశాను. నేను సైన్యంలో వంటవాణ్ణి. సర్వీసంతా అందరి ఆర్డర్లూ నా దాకా వచ్చి ఆగేవి. ఉప్పు తగ్గించు, టీ పెంచు, పొయ్యి ఆర్పు. నేను ఇచ్చిన ఆర్డరు మాత్రం ఒక్కరూ విన్న పాపాన పోలేదు. పళ్లేలు కడిగి పెట్టండ్రా అంటే సిపాయిలు నవ్వి వెళ్లిపోయేవాళ్లు. రిటైరై ఇంటికొచ్చినా ఆ ముల్లు లోపలే ఉండిపోయింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నా నోటి మాటకి పదిమంది కదలాలి. అందుకే బావమరిది ఫోన్ పెట్టేయకముందే పెట్టె కిందికి దించాను.

బావమరిదికి రెండు టిప్పర్లున్నాయి. గనుల నుంచి ఖనిజం తోలతాయి. బండ్రిలో ఏటా ఊరి పండక్కి పౌరాణికం వేస్తారు. ఈ ఏడు డ్రైవర్లు తామూ వేషం కడతామన్నారు. పద్యాలు మాత్రం నోటికి పట్టవన్నారు. దాంతో వీడు కూర్చుని కొత్త నాటకం రాశాడు. ఏడు నక్షత్రాలను ఏలే సామ్రాజ్యం. దానిమీదికి చీకటి గ్రహాలవాళ్లు దండెత్తి వస్తారు. రెండు వైపులా ఓడలు కావాలి. వాడివి రెండూ, ఊళ్లో మిగతావాళ్లవీ కలిపి టిప్పర్లే ఓడలు. సామ్రాజ్యానికి ఎనిమిది, శత్రువుకి నాలుగు. చక్రవర్తి ఎవరని అడగనక్కర్లేదు, రాసింది వాడేగా.

యుద్ధభూమి ఊరి బయట ఖాళీ చేను. పక్కనే లారీలు తూకం వేసే వేబ్రిడ్జి, మూతపడింది. దాని గది నా బంకరు. లోపల ఒక బెంచీ, ఒక నల్లబల్ల, రెండు బల్లులు. మైకు సెట్టు ఆపరేటర్ ప్రతి బండికీ ఒక వాకీటాకీ తెచ్చిచ్చాడు. మాట అయిపోగానే ఓవర్ అనాలని అందరికీ నేర్పాడు. ఆ తర్వాత వాళ్లు టీ తాగినా నాకు తెలిసేది.

"మిలిట్రప్పా, టీ తాగుతాండాం. ఓవర్."

"బజ్జీ గూడా వచ్చె. ఓవర్."

మొదటిరోజు నల్లబల్ల మీద దళం నిర్మాణం గీశాను. పైన ఒక మహానౌకాధిపతి. కింద ఇద్దరు ఉపనౌకాధిపతులు. వాళ్ల కింద నావికులు. అన్నిటికంటే ముఖ్యం అన్నం ఓడ. నాకు తెలిసిన సైన్యం వంటశాల దగ్గరే మొదలవుతుంది. చివరి టిప్పర్లో బొరుగుల ఉగ్గాణి వండిన డేగిశాలు ఎక్కించి దాన్నే అన్నం ఓడ అన్నాను. మధ్యాహ్నానికల్లా చీకటి గ్రహాల నౌకలు నాలుగూ వచ్చి దాని వెనక చేతులెత్తి నిలబడ్డాయి. వాళ్లు లొంగిపోవడం నాటకంలో లేదని చెప్పినా వినలేదు. తిన్నాకే పోయారు.

మర్నాడు చూస్తే వచ్చిన సామ్రాజ్యం బండ్లన్నిటి అద్దాల మీదా 'మహానౌకాధిపతి' అని స్టిక్కర్లు. సగం తెలుగులో, సగం కన్నడలో. ఉపనౌకాధిపతిగా ఉండటానికి ఒక్కడే ఒప్పుకున్నాడు. వాడు ఆ రోజు సెలవు పెట్టాడు.

నేను కోపం దిగమింగి కసరత్తు మొదలుపెట్టాను. యూనిఫారం తొడిగి, వేబ్రిడ్జి మెట్టెక్కి, ఈల ఊది, "దళమంతా ఒకేసారి ముందుకు!" అని అరిచాను. మొదటి టిప్పర్ కదిలింది. మిగతావన్నీ ఇంజన్లు ఆన్‌లో పెట్టుకుని అలాగే నిలబడ్డాయి. రెండో బండిలో ఉన్నది డ్రైవర్లందరికీ పెద్దాయన. మీసాలు నెరిశాయి. వాకీటాకీలో ఆయన్ని పట్టుకున్నాను.

"రెండో ఓడ! యాలప్పా కదల్లే? ఓవర్."

"పాళి రాల్యా మిలిట్రప్పా. ముందు బండి పోయి తిరిగొస్తేనే గదా మాది. ఓవర్."

"ఇది లోడింగు గాదు, యుద్ధం! ఓవర్."

"యుద్ధమైతే ఏమాయె? పాళి పాళినే. ఓవర్."

పాళి అంటే వంతు. గని దగ్గర బండ్లు వరసలో నిలబడతాయి. ముందొచ్చినవాడికి ముందు లోడు. లోడు దించి వచ్చినవాడు మళ్లీ తోక పట్టుకోవాలి. వరస దాటినవాడితో ఎవరూ మాట్లాడరు, వాడికి టీ కూడా పోయరు. యజమాని చెప్పినా, పోలీసు చెప్పినా వరస కదలదు. అలాంటివాళ్లకి నేను ఈల ఊది ఒకేసారి దూకమంటున్నాను.

రెండు రోజులు అరిచాను. గొంతు పోయింది. చక్రవర్తి కూడా పాత ట్రాక్టరు సీటు సింహాసనం మీద నుంచి అరిచాడు. చక్రవర్తి తెలుగులో ఆజ్ఞాపిస్తే దళం కన్నడలో "ఆయ్తు, ఆయ్తు" అంటుంది, సరే సరే అని. పాళి రానిదే ఒక్క బండీ కదలదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. పూరీల పిండి కలిపినన్నాళ్లూ ఇదే బతుకు, ఇప్పుడు నౌకాదళం వచ్చినా ఇదే బతుకు అనుకున్నాను.

ఆ సాయంత్రం పెద్ద డ్రైవరు బంకరుకొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. నల్లబల్ల వైపు వేలు చూపించాడు.

"ఇట్ల గాదప్పా. అధిపతిని గూడా పాళిలోనే పెట్టు."

"అంటే?"

"లైన్లో ముందుండే బండే అధిపతి. ఒక చుట్టు తిరిగొచ్చేదాకా వాని మాటే మాట. అది అయినంక తోకకి పోతాడు, నావికుడైతాడు. ఎనిమిది మందీ అధిపతులైనట్టే గదా. కొట్లాట ఉండదు."

నేను నల్లబల్ల తుడిచేశాను. సప్తనక్షత్ర సామ్రాజ్య నౌకాదళం ఆ రోజు నుంచి అలాగే నడిచింది. అధిపతి పదవి ఒక చుట్టు. ఆ చుట్టులో అతను దాడి అంటే దాడి, బీడీ అంటే బీడీ. మిగతావాళ్లు నోరెత్తరు. చీకటి గ్రహాలవాళ్లు కూడా చూసి అదే పద్ధతి పెట్టుకున్నారు. ఒప్పుకోనిది చక్రవర్తి ఒక్కడే.

"చక్రవర్తికి పాళి ఏందిరా? రెండు బండ్లు నావి!"

"నీ బండ్లు లైన్లో ఉండాయి సావుకారీ" అన్నాడు పెద్ద డ్రైవరు. "నువ్వు ల్యా."

నేను మెల్లగా అడిగాను. "మరి నా సంగతేందప్పా?"

ఆయన మీసం దువ్వుకుంటూ ఆలోచించాడు. "నువ్వూ నిలబడు. అన్నం ఓడ ఎనక. నీ పాళి వచ్చినప్పుడు నీ మాట రెండు దళాలూ ఇంటాయి."

వాళ్లకి దళం కట్టడానికి వెళ్లిన నేను ఉగ్గాణి డేగిశాల వెనక నిలబడ్డాను. రిహార్సల్లో నా పాళి ఒక్కనాడూ రాలేదు. నా ముందు అన్నం ఓడ వచ్చేది, ఆ తర్వాత ఇక ఎవరూ యుద్ధం చేసేవాళ్లు కాదు.

పండగ రోజు దీపాలు పెట్టే వేళకి ఊరంతా చేనిగట్టు మీదికొచ్చింది. టిప్పర్లకి వెండి కాగితం అంటించారు. మా ఆవిడ మధ్యాహ్నం బస్సుకే బళ్లారి నుంచి దిగింది. ఆమెకి నా సర్వీసు సంగతి పూర్తిగా తెలుసు. ముందు వరసలో చాప పరుచుకుని కూర్చుని నన్ను పిలిచింది.

"ఈ పొద్దన్నా నీ పాళి వస్తాదా?"

"అన్నం ఓడ ఖాళీగా పోతాంది" అన్నాను. డేగిశాలు నేనే దింపించేశాను.

నాటకం మొదలైంది. ఒక్కో నౌక పోయి, చుట్టు తిరిగి, టపాకాయ పేల్చి, తోకకి వచ్చి చేరింది. జనం డ్రైవర్ల పేర్లు పెట్టి ఈలలేశారు. ఏడో ఓడ అయింది. అన్నం ఓడ ఊరికే ఒక చుట్టు తిరిగొచ్చింది. వాకీటాకీ గరగరమంది.

"మిలిట్రప్పా, ఇంగ నీ పాళి. ఓవర్."

చివరి ఘట్టం నాది. రెండు దళాలూ ఎదురెదురుగా వచ్చి మధ్యలో గీసిన ముగ్గు గీత దగ్గర ఆగాలి. నేను మెట్టెక్కి "ముందుకు!" అన్నాను. పన్నెండు టిప్పర్లు ఒక్కసారిగా కదిలాయి. నేల అదిరింది. నా జన్మలో అంత సంతోషం ఎరగను.

అది గట్టిగా నాలుగు ఊపిర్లు కూడా నిలవలేదు. ఎడమపక్క దుమ్ములోంచి గొర్రెలు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, మంద. వెనక కాపరి, భుజం మీద గొర్రెపిల్ల. ఏటా ఆ దారినే పోతాడట. యుద్ధం సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు.

"ఆగు!" అని అరిచాను. వాకీటాకీ బటన్ నొక్కానో లేదో తెలియదు. ఈల కూడా ఊదాను. పన్నెండు బండ్ల బ్రేకులూ ఒకేసారి బుస్సుమన్నాయి.

కాపరి మధ్యలో ఆగి అటూ ఇటూ చూశాడు. "ఏంది, లోడింగా?"

"ల్యాప్పా, యుద్ధం" అన్నాడు పెద్ద డ్రైవరు కిటికీలోంచి.

"సరే, జేసుకోండి" అని మందని అదిలించాడు.

చక్రవర్తి ఇక ఆగలేక మైకు లాక్కుని, గొర్రెల గ్రహంవారు సంధికి వచ్చారని ప్రకటించాడు. జనం చప్పట్లు కొట్టి చేలోకి దిగిపోయారు. ఎవరు గెలిచారో నాకిప్పటికీ తెలియదు.

మర్నాడు తొలి బస్సుకి ఇద్దరం తిరిగొచ్చాం. దారిలో మా ఆవిడ ఎర్రమట్టి పట్టిన నా యూనిఫారం దులుపుతూ, "బాగనే అరిచినావు" అంది. ఇంటికొచ్చి ఆమే పూరీలు చేసింది. నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు.

మంచు కొండలు, మెస్సు గుడారాలు, అన్నీ మసకబారుతున్నాయి. ఇది మాత్రం పోదు. ఎర్రదుమ్ములో రెండు వరసల లైట్లు, మధ్యలో గొర్రెలు తాపీగా దాటడం. పన్నెండు అద్దాల వెనక పన్నెండు ముఖాలు, తర్వాత ఏం చెబుతానా అని నా వైపే చూడటం. చివరి గొర్రె దాటిపోయింది. నేను చూశాను. అయినా కాసేపు ఏమీ అనకుండా అలాగే నిలబడ్డాను.