ముందుగా కార్డు రాసి వెళ్తాం

ఇది ఈ సాయంత్రమే రాసి మన లైబ్రరీ బోర్డుకి అంటిస్తున్నాను. రేపటిదాకా ఆగితే నాకు నేనే సర్దిచెప్పుకుంటానని భయం.

పోయినేడు ఉప్పెనలో అయినవాళ్లందరినీ పోగొట్టుకున్న పిల్లల్ని మా మహిళా సంఘం కొన్ని కుటుంబాల్లో పెట్టింది. మూడు నెలలకోసారి వెళ్లి చూసి వస్తాం. చెప్పకుండా ఒకరింటికి వెళ్లడం మర్యాద కాదని ముందుగా పోస్టుకార్డు రాసి మరీ వెళ్తాం.

ఇవాళ గవర్నర్‌పేటలో ఒక బట్టల కొట్టు వారింటికి వెళ్లాను. వాళ్ల దగ్గరున్న తొమ్మిదేళ్ల రత్నం తలంటుకుని, కొత్త గౌను వేసుకుని, కుర్చీలో కూర్చుని ఉంది. ఇంటావిడ నాకు పెసరట్టు పెట్టి, "మా పిల్లలతో సమానంగా చూసుకుంటున్నామండీ" అంది. నేను ఫారంలో 'బాగుంది' అని రాసి సంతకం పెట్టాను.

రత్నం నన్ను రిక్షా దాకా సాగనంపింది.

"మళ్లీ కార్డు ఎప్పుడేస్తారండీ?" అని మెల్లగా అడిగింది.

"ఎందుకమ్మా?"

"కార్డొస్తే నాకు తలంటుతారండీ. ఆ రోజు గిన్నెలు తోమొద్దంటారు. అందరితోపాటు కూర్చోబెట్టి అన్నం పెడతారు. వారానికోటి వెయ్యండి మేడమ్‌గారూ."

ఫారం ఇంకా నా సంచిలోనే ఉంది. దిద్దలేదు. దిద్దితే ఆ పిల్లని తీసుకొచ్చి ఎక్కడ పెట్టాలో నాకు తెలియదు. దారిలో దిగి పది కార్డులు మాత్రం కొన్నాను.

ఇకనుంచి చెప్పకుండా వెళ్లాలా, వారానికో కార్డు వెయ్యాలా? తోచినవాళ్లు ఈ కాగితం కిందే రాయండి. మర్యాద గురించి మాత్రం నాకెవరూ చెప్పకండి.