అరవై నుంచి నలభైకి దిగిన జీపు

వేరే బండి గేర్‌బాక్సు తెచ్చి మా జీపుకు వేయించినప్పటి నుంచి స్పీడు మీటరు అబద్ధం చెబుతోంది. నలభైలో పోతున్నా ముల్లు అరవై చూపిస్తోంది. ఈ రోజు పొద్దున్నే నర్సింహులపేట నుంచి బాపునూ అవ్వనూ ఎక్కించుకుని జనగామ మెకానిక్ దగ్గరికి పోయాను. గేర్‌బాక్సుకూ మీటరు కేబులుకూ మధ్య పెట్టే చిన్న పళ్ల చక్రాల డబ్బీ ఒకటి వెతికి తెచ్చాడాయన. మొదట తిరగేసి బిగించాడు, ముల్లు ఇంకా పైకెక్కింది. విప్పి సరిగ్గా బిగించేసరికి పొద్దు వాలింది.

తిరుగు దారిలో ముల్లు నలభై దగ్గర కుదురుగా నిలిచింది. నా పక్కన బాపు ముఖం మాడ్చుకున్నాడు.

"నిన్నటిదాక అరవై ఉరికిన బండిరా ఇది! పొద్దంత కూసోని నలభైకి దించినవ్. రేపే పోయి గా డబ్బీ తీపియ్యి."

వెనక సీట్లోంచి ముల్లునే చూస్తూ వస్తున్న అవ్వ ఊరుకోలేదు.

"తీపిస్తే నేనీ బండెక్క. గిన్ని దినాలకు జర నిమ్మలంగ కూసున్న."

పొద్దున పోయిందీ, సాయంత్రం వచ్చిందీ నేను ఒకటే వేగంతో. ఇద్దరిలో ఎవరిని దారిలో దింపాలో మీరే చెప్పండి.