లాలాగూడ నజ్మున్నీసా, ఆమె పహిల్వాన్

నజ్మున్నీసాకు తలదాచుకునే చోటు ఒక చేప దయ మీద ఉండేది. ఎకసెక్కానికి అనడం లేదు. లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు ఫోర్‌మన్ బంగళా వెనక నౌకర్ల గదుల్లో చివరిది ఆమెది. మొగుడు పోయి ఒంటరిగా వచ్చిన మనిషికి ఆ గది ఇచ్చి, హాల్లో అద్దాల తొట్టిలోని చేపను చూసుకొమ్మంటూ ఫోర్‌మన్ భార్య మేబెల్ రెండే మాటలు చెప్పింది. "చేప చస్తే గది ఖాళీ. అద్దం మీద పాచి కనబడినా ఖాళీ."

"జీ, మేమ్‌సాబ్" అంది నజ్మ. ఆరేళ్లపాటు అదే మాట అంటూ వచ్చింది.

ఆ చేపను మేబెల్ వాళ్ల అన్నయ్య, ఓడలో ఇంజనీరు, సముద్రాల అవతలి నుంచి రేకు డబ్బాలో వేలెడంత పిల్లగా తెచ్చాడు. జెల్ల జాతిదే గాని మన చెరువు జెల్లలా నున్నగా ఉండదు. ఒళ్లంతా గట్టి పెంకులు. నోరు పొట్టవైపు గిన్నెలా ఉంటుంది. దాంతో అద్దాన్ని కరుచుకుని పాచి గీకి తింటుంది. ఇప్పుడది మూరెడు పొడుగైంది. నజ్మ దానికి పహిల్వాన్ అని పేరు పెట్టుకుంది.

"మురికి తిని బతికేదానికి వేరే తిండెందుకు?" అనేది మేబెల్. ఆ మాట చేపను గురించే అన్నా, మన బంగళాల్లో మనుషులను గురించి కూడా అలాగే అనుకుంటారు.

పాచి అంటే నజ్మకు గది పోవడమే. అందుకని రోజూ కొబ్బరి పీచుతో నాలుగు అద్దాలూ తళతళలాడేలా తోమేది.

నలభై ఎనిమిది సెప్టెంబరు మొదట్లో ఊరంతా పరేషాన్. యూనియన్ విమానాలొచ్చి బాంబులేస్తాయని ఫోర్‌మన్ దొర కిటికీలన్నిటికీ నల్ల కాగితాలు అంటించి, మేబెల్‌ను తీసుకుని బెంగుళూరు వెళ్లిపోయాడు. తొట్టి, బంగళా తాళాలు నజ్మ చేతికొచ్చాయి. నిజాం మీద యూనియన్ సైన్యం పోలీస్ యాక్షన్ షురూ చేసిన సోమవారం నాడు పక్క బంగళా తోటలో పనిచేసే ముసలి బుచ్చమ్మ పరుగున వచ్చింది.

"రజాకార్లు తిరుగుతున్నరంట బిడ్డా. జెర లోపలికి రానీ!"

నజ్మ ఆమెను బంగళాలోకి లాగి గడియ పెట్టింది. పట్టపగలే లోపల చీకటి. లాంతరు వెలిగించి తొట్టి వైపు చూసిన నజ్మ కేకేసింది.

"అవ్వా, గిటు జూడు! పహిల్వాన్ పొట్ట లోపలికి పోయింది. కండ్లు గుంటలు పడ్డయ్. ఏం రోగమో!"

బుచ్చమ్మ అద్దానికి ముక్కు ఆనించి చూసింది. "ఏం పెడ్తవ్ దీనికి?"

"ఏం పెట్టద్దన్నది మేమ్‌సాబ్. అద్దం మీది పాచి తింటది."

"ఏదీ పాచి? అద్దంల నా మొఖం కనబడ్తుంది. పాచంత నువ్వు తోమి పారబోస్తే అదేం నాకాలె, నా ముక్కా?"

నజ్మ తొట్టిలో చెయ్యి పెట్టి అద్దాన్ని వేలితో రాసింది, ఏమీ అంటలేదు. వేలెడంత ఉన్నప్పుడు మూలమూలల్లో మిగిలిన పాచి సరిపోయింది. మూరెడు ఒంటికి అదెక్కడ చాలుతుంది! గది నిలబెట్టుకుందామని తోమిన తోముడే చేపను చంపుతోంది.

"యా అల్లా! నేనే దీన్ని ఎండబెడ్తున్ననా!"

మొదట రొట్టె తుంపి వేసింది. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. దూరాన విమానాల మోత వినబడుతుంటే, బయట అడుగు పెట్టొద్దని బుచ్చమ్మ కొంగు పట్టుకుని లాగుతున్నా, బావికి పరుగెత్తి నీళ్లు తోడుకొచ్చి పోసింది.

"రొట్టె గాదు పిల్లా, పచ్చిది పెట్టు. మేకలెక్క మేసేది గది" అంది బుచ్చమ్మ.

పెరటి తీగకు ఆనపకాయ ఉంది. చక్రంలా కోసి వేస్తే నీళ్లమీద తేలింది.

"ఏందే, పడవ నడుపుతున్నవా?"

"నవ్వకు అవ్వా, నా జాన్ పోతుంది."

ఇంకో ముక్కను వేడినీళ్లలో కాస్త మెత్తబడనిచ్చి, గులకరాయికి దారంతో కట్టి వదిలింది. బుడుంగున అడుక్కి పోయింది. పహిల్వాన్‌కు వెలుతురు పడదని ఆమెకు తెలుసు. లాంతరు ఆర్పేసింది. ఆ నల్ల కాగితాల గదిలో ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. చాలాసేపటికి చీకట్లోంచి చప్పుడు. గరగర, గరగర!

"మేస్తుందే!" అని బుచ్చమ్మ అరిచింది. నజ్మ ఆమె నోరు మూసింది, నోరు మూసిన చేత్తోనే ఆమెను వాటేసుకుంది. లాంతరు వెలిగించి చూస్తే రాయికి ఆనప తొక్క ఒక్కటే రింగులా మిగిలింది.

ఇక నజ్మకు పట్టపగ్గాల్లేవు. రోజుకో ముక్క. మిగిలితే పొద్దున్నే తీసెయ్యడం, బావి నీళ్లు కొద్దికొద్దిగా మార్చడం. అన్నిటికన్నా పెద్ద తెగింపు మరొకటి. వెనక అద్దాన్ని తోమడం మానేసింది.

శుక్రవారం సాయంత్రం నిజాం లొంగిపోయాడని రేడియోలో వచ్చింది. ముసల్మానుల ఇళ్ల మీద పడతారేమోనని భయపడటం ఇప్పుడు నజ్మ వంతయింది. బుచ్చమ్మ గడపకు అడ్డంగా చాప పరుచుకుంది. "మొన్న నన్ను నువ్వు దాచినవ్. ఇప్పుడెవడొస్తడో నేను జూస్తా."

అక్టోబరు చివర మేబెల్ వచ్చింది. పెట్టెలు దించకముందే చూపు వెనక అద్దం మీద పడింది. కిటికీల కాగితాలు తీసేశాక వెలుతురు తగిలి, అది గడ్డి మొలిచినట్టు పచ్చగా ఉంది.

"ఇదేందీ? ఇప్పుడే తుడువు!"

"తుడవను, మేమ్‌సాబ్."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని నజ్మే ఉలిక్కిపడింది. అయినా ఆగలేదు. "తుడిస్తే అది చస్తది. నేనే చంపుతుంటి. చూడుండ్రి." తొట్టిలో ముక్క దించి, పైన దుప్పటి కప్పింది. మేబెల్ వాచీ చూసుకుంటూ నిలబడింది. గరగర మొదలైంది. దుప్పటి ఎత్తితే బలిసిన పొట్టతో పహిల్వాన్, ముక్క మీద బోర్లా పడుకుని దర్జాగా మేస్తోంది.

"మై గాడ్, ఎంత లావైంది!"

"మేమ్‌సాబ్, ఒక చీటి రాసియ్యుండ్రి. చేప బతికినా చచ్చినా గది నాదే, మూడు నెల్ల ముందు చెప్పకుండ ఖాళీ చేయించనని."

మేబెల్ ఫక్కున నవ్వింది. నజ్మ నవ్వలేదు. తలుపు దగ్గర నిలబడ్డ బుచ్చమ్మా నవ్వలేదు. పెట్టెలు మోసుకొచ్చిన హమాలీలు కూడా కదలకుండా చూస్తున్నారు. మేబెల్ నవ్వు మెల్లగా ఆగింది. కలం తీసింది. నాలుగు వరుసలు రాసి సంతకం పెట్టింది.

లాలాగూడలో, చిలకలగూడలో, కార్ఖానాలో బంగళాలున్న అయ్యల్లారా, అమ్మల్లారా! మీ వెనక గదుల్లో ఉండేవారి దగ్గర ఇలాంటి చీటి ఒక్కటైనా ఉందా? లేకపోతే ఈ వారమే రాసివ్వండి. ఆ గదుల్లో ఉండేవారు ఇది చదివితే, ఒంటరిగా వెళ్లకండి, పక్కగది వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి అడగండి.