గుండ్రటి అద్దం వెనక సంగమ్మ

1987. జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు మీదున్న చిన్న ప్రైవేటు దవాఖానలో నేను నర్సుని. గాజుగుడ్డ మేమే కత్తిరించి మడతలు పెట్టుకునేవాళ్లం. కత్తెరలు కిరోసిన్ స్టవ్ మీద మరగబెట్టేవాళ్లం. ఆ స్పిరిట్ వాసన, కిటికీలోంచి లారీల హారన్లు తలచుకుంటే నా వయసే తిరిగొచ్చినట్టుంటుంది.

న్యాల్‌కల్ దగ్గరి పల్లె నుంచి సంగమ్మ డ్రెస్సింగ్‌కి వచ్చేది, వెంట భర్త బస్వప్ప. అల్లం పండించే రైతులు. రొమ్ము క్యాన్సర్‌కి హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి, రేడియేషన్ కరెంటు పెట్టారు. కీమోథెరపీ, అంటే సెలైన్లలో ఎక్కించే క్యాన్సర్ మందులు, అదీ అయిపోయింది. కుట్ల దగ్గర పుండు మాత్రం నెలలు గడిచినా మానలేదు.

"సిస్టరమ్మా, లోపలి రోగం పోయిందన్నరు. మరి గీ పుండెందుకు పోతలేదు?" అని అడిగేది. నేను మా డాక్టరుగారిని అడిగాను.

బొంబాయిలో ఒక ఆస్పత్రిలో హైపర్‌బారిక్ చాంబర్ ఉందని ఆయన చెప్పారు. మనిషిని ఇనుప గదిలో పడుకోబెట్టి, లోపల ఒత్తిడి పెంచి, అచ్చమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. అది రక్తంలో కలిసి, కరెంటుకి ఎండిపోయిన కండకు చేరుతుంది.

"ఇనుప డబ్బల పెట్టి మూస్తరా? నువ్వొస్తెనే పోత," అంది సంగమ్మ. మా అన్న బొంబాయిలోనే మిల్లులో పనిచేసేవాడు, దిగడానికి చోటుంది. వారం సెలవు పెట్టి వాళ్లతో బయల్దేరాను.

అక్కడి డాక్టరు మొదట అడిగింది కీమోలో ఏ మందులు ఇచ్చారు, ఎప్పుడు ఆపారు అని. కొన్ని మందులకూ ఈ వైద్యానికీ పడదట, గుండెకో ఊపిరితిత్తులకో ముప్పట. ఆపి చాలా కాలమైందని తేలాకే ఒప్పుకున్నారు. తలకు నూనె, ఒంటి మీద లోహం ఉండకూడదన్నారు.

సంగమ్మ మెట్టెలు తీసింది. పుస్తెలతాడు దగ్గర చేయి ఆగిపోయింది.

"గిది తియ్య. మొగడు బతికుండంగ ఎవరన్న తీస్తరా?"

ఆక్సిజన్ నిండిన చోట చిన్న నిప్పురవ్వ కూడా ప్రమాదమని నేను ఓపికగా వివరించాను. ఆమె మొహం తిప్పుకుంది. "తియ్యకపోతే ఇంటికి పంపిస్తాం," అన్నాడు చాంబర్ టెక్నీషియన్ హిందీలో. ఇంత దూరం వచ్చి వెనక్కి పోవడమేనా అనుకున్నాను.

అప్పుడు బస్వప్ప దగ్గరికొచ్చాడు.

"సంగమ్మా, ఇటు సూడు. నేను నిలబడే ఉన్న కదా. జర నా చేతికియ్యి. అద్దంల నుంచి నీకు కనబడేటట్టు పట్టుకుంట."

తనే తీశాడు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది.

తలుపు పడింది. చెవులు పట్టేస్తే ఉమ్మి మింగమని ముందే నేర్పాను, అలాగే మింగింది. చాంబర్‌కున్న గుండ్రటి అద్దం బయట బస్వప్ప తాడు పైకెత్తి పట్టుకున్నాడు. ఆమె తాడుని చూడలేదు, అతన్నే చూస్తూ పడుకుంది. బయటికి రాగానే ఒకటే మాట: "మెడల వెయ్యి." రోజూ అంతే.

సెలవు అయిపోయి నేను ముందు వచ్చేశాను. కొన్ని వారాల వైద్యం ముగించుకుని వాళ్లు తిరిగొచ్చాక కట్టు విప్పితే, పుండు అంచుల్లో ఎర్రటి కొత్త కండ! నా కళ్లు మసకబారాయి.

"ఏడ్వకు సిస్టరమ్మా, మంచిగ సూడు. మానుతుందా లేదా?"

ఇంకొన్నాళ్లు డ్రెస్సింగులు చేశాక పుండు పూర్తిగా మూసుకుంది.

ఆ రోజు నేను చెప్పిన కారణం సరైనదే. కానీ ఆమె భయం నిప్పురవ్వ గురించి కాదు. అప్పటి నుంచి రోగి వద్దంటే, వివరించబోయే ముందు దేనికి భయమో అడగడం అలవాటు చేసుకున్నాను.

సంగమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. జహీరాబాద్ సంతకొచ్చినప్పుడల్లా దవాఖాన మెట్ల మీద కూర్చుని, "పుండు సూపనీకి రాలె. నిన్ను సూడనీకొచ్చిన," అనేది.